ఇరవై మూడు ఊళ్ల నీళ్ల సర్వే: డబ్బు పెట్టాలా, వద్దా?

ఈ కేసులో సర్వే చేసింది నేను కాదు. సర్వేకి డబ్బు పెట్టాలా వద్దా చెప్పమని పిలిస్తే వెళ్లాను. పిలిచింది తిరుపతిలోని ఒక సేవా ట్రస్టు. పేరు రాయొద్దన్నారు, రాయను. పాకాల, చంద్రగిరి వైపు, స్వర్ణముఖి ఎగువన నాలుగు మండలాల్లో 23 ఊళ్లకు వాళ్లు ఎండాకాలంలో ట్యాంకర్లతో నీళ్లు తోలుతుంటారు. ఏటా ఏప్రిల్ వస్తే అదే తంతు. బిల్లులు కట్టీ కట్టీ విసిగిపోయి, "ఒక్కసారి శాస్త్రీయంగా తేల్చేసుకుందాం" అనుకున్నారు. ఒక కన్సల్టెన్సీ చేత ప్రతిపాదన రాయించారు. నాలుగు మండలాలకూ కలిపి ప్రాంతీయ భూగర్భ జలాల సర్వే, 18 నెలలు, 64 లక్షల రూపాయలు.

అది చదివి మూడు వారాల్లో అవునో కాదో చెప్పాలి. అంతే నా పని.

ఇలాంటి సర్వేలు చేసి బతికేవాణ్నే నేనూ. "పెద్ద సర్వే కావల్సిందేనని రాసెయ్ అన్నా, రేపు కొటేషన్లు పిలిస్తే నువ్వూ వేయొచ్చు" అని తెలిసిన కుర్రాడొకడు సలహా కూడా ఇచ్చాడు. అందుకే ఒప్పందం మొదటి లైనులోనే రాశాను: దీని మీద తర్వాత వచ్చే ఏ పనీ నేను తీసుకోను. పనులు పలచగా ఉన్న సంవత్సరమది. సంతకం పెట్టాక రెండు రాత్రులు సరిగా నిద్ర పట్టలేదు.

రాతి కింద సంగతి

తిరుమల ఘాట్ రోడ్డు మీద ఒకచోట భూగర్భ సర్వే సంస్థ వాళ్ల బోర్డు ఉంటుంది. కింద గ్రానైటు, పైన పలకలు పేర్చినట్టు క్వార్ట్‌జైటు, ఆ రెండింటికీ మధ్య కోట్ల ఏళ్ల ఎడం. కొండకు పోయే బస్సుల్లో దాన్ని చూసేవాళ్లు తక్కువ. కొండ దిగి పడమరగా పోతే ఆ కింది రాయే అన్ని ఊళ్ల కిందా పరుచుకుని ఉంటుంది. గ్రానైటు, దాని లాంటిదే నైస్ అనే రాయి. ఈ రాయికి సొంతంగా నీళ్లు పట్టే గుణం లేదు. పైన కుళ్లి మెత్తబడిన పొరలో కొంత, ఆ కింద పగుళ్లలో కొంత, అంతే నిల్వ. పగులు తగిలితే రెండించుల నీళ్లు, యాభై అడుగులు పక్కకు జరిగితే దుమ్ము. వెయ్యి అడుగులు దించినా దుమ్మే అయిన బోర్లు మన జిల్లాలో ఎన్నని చెప్పాలి. తమిళనాడు తిరుచెంగోడు నుంచి బోర్లు వేయడానికి వచ్చే రిగ్గుల వాళ్లకు మన ఊళ్ల పేర్లన్నీ నోటికొచ్చింది ఊరకే కాదు.

ఇలాంటి రాతిలో నీటి మట్టం కదిలే తీరు తెలియకపోతే ఈ కేసు అర్థం కాదు కాబట్టి కాస్త లెక్క చెబుతాను. కుళ్లిన గ్రానైటులో మట్టం పడిపోయినప్పుడు మనకు దక్కే నీరు, ఆ రాతి పరిమాణంలో నూటికి ఒకటి నుంచి మూడు వంతులు. ఒకటిన్నర అనుకుందాం. ఒక చదరపు కిలోమీటరు మేర మట్టం ఒక మీటరు దిగితే వచ్చేది 15 వేల ఘనపు మీటర్లు. ఒక ఎకరా వరికి పంటకాలమంతా 1,200 మిల్లీమీటర్ల నీళ్లు పెడితే దాదాపు 5 వేల ఘనపు మీటర్లు. అంటే దాదాపు 250 ఎకరాల నేల కింద మట్టం మీటరు దిగితే, పండేది మూడెకరాల వరి. ఇదే లెక్కను తిరగేయండి. మంచి వానల్లో 100 మిల్లీమీటర్ల నీరు కిందికి ఇంకితే మట్టం ఆరేడు మీటర్లు పైకొస్తుంది. తొందరగా నిండుతుంది, తొందరగా అయిపోతుంది.

2021 నవంబరు వానలు గుర్తున్నాయి కదా. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లన్నీ ఖాళీ చేయించిన రోజులు. ఆ వానలు వెలిసిన వారంలోనే తిరుపతిలో ఒక ఇంట్లో సంపు కడుగుతుంటే, భూమిలో దించిన సిమెంటు వరల సంపు మొత్తంగా పైకి లేచి నిలబడింది. జనం వింత చూడ్డానికి వరసకట్టారు. మట్టం నేల దాకా వచ్చేసింది, లోపల ఖాళీ చేయగానే సంపు పడవలా తేలింది. వింత అంతవరకే. అదే ప్రాంతంలో అంతకు కొన్నేళ్ల ముందు వేసవుల్లో ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

ప్రతిపాదనలో ఏముంది

ప్రతిపాదన బాగా రాశారు. అది ఒప్పుకోవాలి. ఉపగ్రహ చిత్రాలతో పగుళ్ల రేఖల పటం, బోర్ల లెక్క, 180 చోట్ల రెసిస్టివిటీ సర్వే (భూమిలోకి కరెంటు పంపి, అది ఎంత అడ్డుకుంటుందో చూసి కింద నీళ్ల జాడ పట్టడం), ఏడాదిపాటు నీటి మట్టాలు, చివర కంప్యూటరు మోడల్. ఆ మోడల్ వచ్చే ఇరవై ఏళ్లకు నీటి లభ్యత ఎంతో చెబుతుందట. రాసిన జియాలజిస్టు పని తెలిసినవాడే.

నాకు మొదట తట్టింది ఆ 180. నాలుగు మండలాలూ కలిపి 700 చదరపు కిలోమీటర్ల దాకా ఉంటాయి. అంటే దాదాపు వెయ్యి ఎకరాలకు ఒక పాయింటు. మనక్కావాల్సిన పగులు వెడల్పు పదుల మీటర్లలో ఉంటుంది. ఈ వలకు ఆ చేప పడదు. ఊరి బోరు ఎక్కడ వేయాలో ఈ సర్వేతో తేలదు. అది చెప్పాలంటే బోరు వేసే చోటే, ఆ రోజే, మిషన్ పెట్టి అడ్డంగా నాలుగైదు లైన్లు తీసుకోవాలి. దానికయ్యేది వేలల్లో, లక్షల్లో కాదు.

మరి పెద్ద సర్వే ఏం చెబుతుంది? మొత్తం మీద ఎంత నీరు ఇంకుతోంది, ఎంత తోడుతున్నారు, నిష్పత్తి ఎంత. ఈ లెక్క ఇప్పటికే ఉంది. రాష్ట్ర భూగర్భ జల శాఖ, కేంద్ర భూగర్భ జల బోర్డు కలిసి జీఈసీ-2015 అనే ప్రామాణిక పద్ధతిలో మండలాల వారీగా అంచనా వేస్తాయి. ఏటా తోడుకోదగ్గ నీటిలో తోడకం 70 శాతం లోపుంటే సేఫ్, 90 దాకా సెమీ క్రిటికల్, 100 దాకా క్రిటికల్, ఆపైన మితిమీరి తోడినట్టు. భూమిలో నీళ్లున్న పొరల పటాలు గీయడానికి 2012లో మొదలైన జాతీయ జలస్తరాల మ్యాపింగ్‌లో మన జిల్లా కూడా ఉంది. కొత్త సర్వే చేస్తే ఆ అంకె కొంచెం అటో ఇటో జరుగుతుంది. జరిగితే ట్రస్టు ఏం చేస్తుంది?

ట్రస్టు సభ్యులను ఇదే అడిగాను, కాకపోతే కాగితం మీద. "సర్వే అయిపోయిందనుకోండి. మొదటి ఫలితం, నీళ్లు పుష్కలం. రెండోది, అంతంతమాత్రం. మూడోది, భూమిలోకి ఇంకేదానికన్నా తోడేది ఎక్కువ. ఒక్కోదానికి మీరేం చేస్తారో రెండేసి లైన్లు రాయండి. పక్కవాళ్ల కాగితం చూడొద్దు." పరీక్ష హాలు చేశానని నవ్వుకున్నారు గానీ ఐదుగురూ రాశారు.

నలుగురి కాగితాల్లో మూడు ఫలితాలకూ దాదాపు ఒకే జవాబు: అవసరమైన చోట బోర్లు, వీలైన చోట చెక్‌డ్యాములు, అత్యవసరానికి ట్యాంకర్లు. కోశాధికారి రిటైరైన బ్యాంకు మేనేజరు. కాగితాలన్నీ ఒకసారి చదివి కళ్లద్దాలు తీసి పక్కన పెట్టారు. "ఏది తేలినా మనం చేసేది ఇదే అయితే, తేల్చుకోడానికి అరవై నాలుగు లక్షలు ఎందుకండీ?" అన్నారు. ఆ మాట నా నోటి నుంచి రాలేదని ఇప్పటికీ సంతోషమే.

ఐదో కాగితం ఒక మామిడి రైతుది. మూడో ఫలితం ఎదురుగా ఆయన రాసింది వేరు: "అప్పుడు ఊళ్లకి కొత్త బోర్లు వేయకూడదు. చుట్టుపక్కల బోర్లున్న రైతులతో కూర్చుని మాట్లాడాలి." జవాబు మారింది ఆ ఒక్క చోటే. మిగతా పనంతా ఆ దారి పట్టుకునే చేశాను.

ఒక సాయంత్రం లెక్క

23 ఊళ్ల జనాభా 40 వేల చిల్లర. జల జీవన్ మిషన్ ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు. 40 వేలమందికి రోజుకు 2,200 ఘనపు మీటర్లు, ఏడాదికి 8 లక్షలు. ఇందాకటి వరి లెక్క పెట్టి చూడండి. నలభై వేలమంది ఏడాదంతా తాగి, వండుకుని, స్నానాలు చేసే నీళ్లు 160 ఎకరాల వరికి ఒక పంటకు సరిపోతాయి. మళ్లలో పెట్టినదాంట్లో కొంత తిరిగి భూమిలోకే ఇంకుతుంది, కాబట్టి లెక్క మరీ కచ్చితం కాదు. 160 కాదు, 220 అనుకోండి.

ఇక రెండోవైపు. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఏడాది సగటు వాన దాదాపు 930 మిల్లీమీటర్లు. ఈ రాతిలో పదో వంతు ఇంకుతుందనుకుంటే 700 చదరపు కిలోమీటర్లకు ఏడాదికి 650 లక్షల ఘనపు మీటర్లు. ఊళ్లకు కావాల్సింది అందులో నూటికి ఒకటి, కాస్త పైచిలుకు.

ఆ రాత్రికే నాకు సగం జవాబు దొరికింది. ఈ ప్రాంతంలో తాగడానికి సరిపడా నీళ్లున్నాయా అన్నది ప్రశ్నే కాదు. ఇన్‌పుట్ అంకెలన్నీ సగానికి సగం తప్పినా ఉన్నాయి. ఏప్రిల్, మే నెలల్లో ఆ నూటికి ఒక వంతు నీరు ఎవరి బోరులో ఉంటుంది, ఊరి ట్యాంకు దాకా ఎట్లా వస్తుంది అన్నదే తేలాలి. అది రాతి శాస్త్రం ఒక్కదానితో తేలేది కాదు.

పది రోజులు టేపుతో

తర్వాత పది రోజులు ఊళ్లు తిరిగాం. ఒక సహాయకుడు, నీటి మట్టం కొలిచే టేపు, ఒక జీపు. తిరుగుడులో తెలిసినంత ఏ పటంలోనూ తెలియలేదు. ఇది నా వృత్తికి గొప్పేమీ కాదు, కానీ నిజం.

31 పంచాయతీ బోర్లు చూశాం. వాటిలో 14 "ఎండిపోయినాయి" అన్నారు. టేపు దించితే ఐదింట్లో నీళ్లున్నాయి. ఒకచోట బోరు 500 అడుగులు, మోటారు 280 దగ్గర వేలాడుతోంది, నీళ్లు 300 దగ్గర. ఇంకో నాలుగు పైపులు దించితే తీరే కష్టం. "మోటారు నీళ్లు పట్టలేదు" అని రిజిస్టరులో రాసి రెండేళ్లుగా ఆ ఊరికి ట్యాంకరు తోలుతున్నారు. ఇంకోచోట కేసింగు, అంటే బోరు పైభాగంలో దించిన గొట్టం, తుప్పుపట్టి చిల్లులు పడి, మట్టి దిగి, అడుగు పూడిపోయింది. ఫ్లషింగ్ చేస్తే, అంటే గాలి ఊది ఆ మట్టిని బయటికి తోసేస్తే, బతుకుతుంది. ఎవర్నీ తప్పు పట్టడానికి చెప్పడం లేదు. ఊరి వాటర్‌మ్యాన్‌కు ఇచ్చే జీతం, చేయించే చాకిరీ తెలిసినవాళ్లెవరూ ఆ మాట అనలేరు.

ఆ వాటర్‌మ్యాన్‌లలో ఒకాయన దగ్గర నేను పంపింగ్ టెస్ట్ పాఠం మళ్లీ నేర్చుకున్నాను. వాళ్ల బోరు వేసిన రోజు రెండించుల నీళ్లు పడ్డాయని ఊరంతా చెప్పుకుంటారు. రిగ్గు గాలితో ఊదినప్పుడు కనబడే నీళ్లు వేరు, బోరు రోజూ ఇవ్వగలిగేవి వేరు. మేం ఆపకుండా నడిపి పావుగంటకోసారి మట్టం కొలిస్తే మూడు గంటల్లో మోటారు దాకా దిగిపోయింది. తిరిగి ఊరడానికి రాత్రంతా పట్టింది. ఆయన చూస్తూ నిలబడి, "ఇది నాకు తెలిసిందే గదా సార్" అన్నాడు. "పొద్దున గంటన్నర ఆడిచ్చి ఆపేస్తే సాయంత్రానికి మళ్లా ఊరతాది. నిలబెట్టి ఆడిస్తే మోటారు కాలిపోతాది. మూడు మోటార్లు కాలినాక తెలిసింది నాకు."

మిగతా తొమ్మిది బోర్లు నిజంగానే ఎండాయి. వాటిలో ఆరింటి చుట్టూ కొత్త వ్యవసాయ బోర్లున్నాయి, కొన్ని వంద మీటర్ల లోపే. 2002లో వచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ప్రకారం ప్రజల తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా బోరు వేయకూడదు. ఈ సంగతి చాలామంది రైతులకు తెలియదు. తెలిసినవాళ్లు "మా బోరు ముందు, మీ బోరు తర్వాత" అన్నారు. రెండు చోట్ల అది నిజం కూడా.

ఒక ఊళ్లో బడి గోడ మీద మాసిపోయిన పట్టిక కనబడింది. నెలలు, నీటి మట్టం, వాన. రైతులే బోర్లు కొలుచుకుని, ఉన్న నీటిని బట్టి పంటలు వేసుకునేలా 2003 నుంచి కొన్నేళ్లపాటు ఉమ్మడి రాష్ట్రంలో ఏడు జిల్లాల్లో ఒక ప్రాజెక్టు నడిచింది, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) సహకారంతో. చిత్తూరు అందులో ఒకటి. పట్టిక అదేనా, ఇంకేదైనా కార్యక్రమానిదా అని అడిగితే అక్కడెవరికీ గుర్తు లేదు. కానీ గోడ పక్కన అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన, "శుక్రారం శుక్రారం తాడేసి కొలస్తా ఉండిరి నైనా" అన్నాడు. కొలవడం ఈ ఊళ్లకు కొత్త కాదన్నమాట.

ఆయనే ఏటి సంగతి కూడా చెప్పాడు. "మా నాయన కాలంలో కపిల బావులు. దాని ముందు ఏట్లో ఇసక తవ్వి ఊటకాలవ తీస్తే, వానలు నిలిచిపోయినాక కూడా మూడు నెల్లు పారతా ఉండె. ఇసక పోయినాక ఊట యాడిది?"

ఆ మాటతో నేను ఏరు చూడ్డానికి వెళ్లాను. అప్పటిదాకా నా నోట్సులో ఏరు లేదు. బోర్ల మీదే మనసు పెట్టి ఏటిని వదిలేశానని అప్పుడు అర్థమైంది. ఇసుక చాలా చోట్ల రాయి కనబడేదాకా పోయింది, కానీ రెండు చోట్ల మిగిలి ఉంది. మిగిలిన చోట దాని విలువ ఎంతో చూడండి. ఇసుకలో దక్కే నీరు నూటికి 15 వంతుల పైమాట, రాతికి పది రెట్లు. కిలోమీటరు పొడవు, వంద మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల మందం ఇసుక నిండితే 45 వేల ఘనపు మీటర్లు. నాలుగు వేల జనాభా ఉన్న ఊరికి ఆరు నెలల పైన. స్వర్ణముఖిలో ఇసుక కింద అడ్డుకట్టలు కట్టి ఊట ఆపే పని ఇదివరకు కొన్నిచోట్ల జరిగింది కూడా.

ఏం రాశాను

నా రిపోర్టు ఏడు పేజీలు. 64 లక్షల సర్వేకు డబ్బు పెట్టొద్దన్నాను. దాని బదులు 13 లక్షలతో ఏడాది పని చేయమన్నాను. బాగయ్యే ఐదు బోర్లు బాగుచేయడం, పది బోర్లకు సరైన పంపింగ్ టెస్టులు, ఎనిమిది బోర్లలో వారం వారం మట్టం కొలత, తాగే నీళ్లన్నింటికీ ఫ్లోరైడు పరీక్ష, మూడు ఊళ్లలో వేసవికి రైతుల బోర్లు అద్దెకు తీసుకునే ఒప్పందం, ఏట్లో ఇసుక మిగిలిన చోట ఊటబావి. ఉపగ్రహ పటాలు, మోడల్ వద్దన్నాను. పగుళ్ల రాతిలో వాడకపు లెక్కలు కూడా సరిగా లేకుండా ఇరవై ఏళ్ల ముందుచూపు చెప్పే మోడల్‌ను నేను నమ్మను. అది నా అభిప్రాయం, వృత్తిలో అందరిదీ కాదు.

పెద్ద సర్వే ఎప్పుడు మళ్లీ ఆలోచించాలో కూడా రాశాను. ఇది రాయకపోతే "వద్దు" అన్న మాట శాశ్వతమైపోతుంది. బాగుచేసిన బోర్లలో సగం తర్వాతి వేసవికే ఎండితే. అద్దె ఒప్పందాలకు ఎవరూ ఒప్పుకోకపోతే. లేదా ప్రభుత్వం ఈ ఊళ్లకు కాలువ నీళ్లు తెచ్చే ఆలోచన మొదలుపెడితే. అప్పుడు బోర్లా పైపులైనా అని కోట్ల రూపాయల నిర్ణయం ముందుంటుంది, దానికి ముందు 64 లక్షలు పెట్టడంలో అర్థం ఉంటుంది.

సమావేశానికి కన్సల్టెన్సీ జియాలజిస్టును కూడా పిలవమన్నాను. పిలవకపోతే అన్యాయం. కోపంగానే వచ్చాడు గానీ మంచి ప్రశ్న వేశాడు. "సార్, మీరు ఊరూరికీ విడివిడిగా చూస్తున్నారు. రాతిలో అయితే సరే. ఏట్లో ఇసుక మీద ఊటబావి దించమంటున్నారు. పై ఊరు తోడితే కింది ఊరికి తగ్గుతుంది కదా. అది ఎవరు చూస్తారు?"

నా దగ్గర జవాబు లేదు. అతని మాట నిజం. ఇసుక రెండు ఊళ్లది కాదు, ఏరు పొడవునా ఉన్న అందరిదీ. దాన్ని ఊరు గట్టు మీద నిలబడి లెక్కగట్టలేం. అప్పటికప్పుడు ఆ ముక్క ఒప్పుకున్నాను. ఆరు కిలోమీటర్ల ఏటి మేర ఇసుక మందం, ఊట, రెండు వైపులా ఉన్న బావులు కొలిచే పని మరో రెండున్నర లక్షలకు అతనికే ఇద్దామన్నాను. మొత్తం పదిహేనున్నర. టీ తాగేటప్పుడు, "మీరు మొత్తం కొట్టేస్తారనుకున్నా సార్" అన్నాడు. నేనూ అలాగే అనుకుని వచ్చానని చెప్పలేదు.

తర్వాత ఏం జరిగింది

ఐదు బోర్లలో నాలుగు బాగుపడ్డాయి, మూడు లక్షల లోపే. ఒకటి ఫ్లషింగ్‌లో కేసింగు కూలి పూర్తిగా పోయింది. ఆ నాలుగు ఊళ్లలో ట్యాంకరు ఆగింది. కోశాధికారి ఆ ఒక్క అంకె చూసి తృప్తిపడిపోయారు.

అద్దె ఒప్పందం మూడు ఊళ్లకు గాను ఒకదాంట్లోనే నిలబడింది. మిగతా రెండింట్లో రైతులు మాట ఇచ్చారు, మార్చిలో టమాటా ధర లేచింది, మాట పోయింది. వాళ్లను అనడానికేముంది. ట్రస్టు ఇస్తామన్న అద్దె, ఒక వారం కోతకు వచ్చే డబ్బు కూడా కాదు. అద్దె నిర్ణయించేటప్పుడు నేను కరెంటు, మోటారు అరుగుదల లెక్కేశాను, పంట ధర లెక్కేయలేదు. పొలం ఉన్నవాడెవడైనా నిమిషంలో చెప్పేవాడు. మామిడి రైతు చెప్పారు కూడా, నేనే సరిగా వినలేదు.

ఫ్లోరైడు విషయంలో చేసిన తప్పు ఇంతకన్నా పెద్దది. 280 నుంచి మోటారు కిందికి దించిన బోరు చెప్పాను కదా. దించాం, నీళ్లొచ్చాయి, ఊరంతా సంబరపడింది. నీటి పరీక్షలు మాత్రం టైముటేబుల్‌లో నాలుగు నెలల తర్వాత ఉన్నాయి. పరీక్ష చేస్తే లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటింది, అంటే తాగకూడని నీళ్లు. లోతు పగుళ్లలో ఎక్కువకాలం నిలిచిన నీటిలో ఫ్లోరైడు ఎక్కువగా కరిగి ఉండొచ్చని ఏ విద్యార్థినడిగినా చెబుతాడు. నాకు తెలియనిది కాదు. పరీక్షకు ముందు మోటారు దించమన్నది నేనే. నాలుగు నెలలు వాళ్లు ఆ నీళ్లు తాగారు. ఇప్పుడు ఆ బోరు వాడుక నీళ్లకే, తాగడానికి ట్యాంకరు మళ్లీ వస్తోంది. గ్రామసభలో నిలబడి చెప్పాను. ఒకావిడ, "ముందే జూసుకోవాల గదా సార్?" అని అడిగింది. "అవునమ్మా, చూసుకోవాల" అన్నాను. ఇంకేం అనగలను.

ఇక వారం వారం మట్టాలు. అందరికన్నా ఎక్కువ ఆశ పెట్టుకున్నది నేను దాని మీదే. ఆ ఏడాది ఈశాన్య రుతుపవనాలు దంచికొట్టాయి. నవంబరు, డిసెంబరుల్లో ఎనిమిది బోర్లలో ఆరింట్లో మట్టం ఐదారు మీటర్లు పైకొచ్చింది. అందరూ సంతోషించారు, నేను తప్ప. కరువులో ఈ బోర్లు ఎలా ఉంటాయో తెలుసుకోడానికి పెట్టిన కొలత, మంచి వానల ఏడాది మీద పడింది. ఏడాది రీడింగులు చేతికొచ్చాయి, అడిగిన ప్రశ్నకు మాత్రం జవాబు రాలేదు. ఒకవేళ 64 లక్షల సర్వే ఇదే ఏడాది జరిగి ఉంటే? దాని మోడల్ కూడా ఈ మట్టాల మీదే నిలబడేది, ఇరవై ఏళ్లూ నీళ్లకు కొదవ లేదని చెప్పేది. నా రిపోర్టు కూడా "ఏడాది" అనే రాసింది. "ఒక వానలు తక్కువ పడిన ఏడాది వచ్చేదాకా" అని రాయాల్సింది.

కొలత పొడిగించమని అడిగాను. ఖర్చు ఏడాదికి లక్షలోపే. ట్రస్టులో కొంత తటపటాయింపు. ట్యాంకర్లు తగ్గాయి కదా, ఇంకా కొలవడం ఎందుకని ఒకరు. కొత్త భవనానికి చందాలు కావాలని ఇంకొకరు. చివరికి ఎనిమిది బోర్లు ఐదుకు తగ్గించి ఒప్పుకున్నారు. ఏటి ఇసుక సర్వే మాత్రం అయింది. ఒక మేరలో ఇసుక అనుకున్నదానికన్నా మందంగా ఉంది, ఇంకోదాంట్లో సగమే. మంచిగా ఉన్న మేర పక్కనే కింది ఊరి ఊటబావి ఉంది. పై ఊరు, కింది ఊరు సర్పంచులను కూర్చోబెట్టే పని ఇంకా మిగిలే ఉంది. అది జియాలజిస్టుల పని కాదని అతనూ నేనూ ఈసారి వాదన లేకుండా ఒప్పుకున్నాం.

ఐదు బోర్లలో ఒకటి, మూడు మోటార్లు కాల్చుకున్న ఆ వాటర్‌మ్యాన్‌ది. నేల నుంచి నీళ్లు ఎంత కింద ఉన్నాయో వారం వారం కొలిచి పంపు షెడ్డు గోడ మీద సుద్దముక్కతో రాస్తాడు, ఫోటో తీసి నాకు పంపుతాడు. మీటర్లలో రాయమంటే అడుగుల్లోనే రాస్తాడు. మొన్న శుక్రవారం 61 అడుగులు. కిందటేడు ఇదే వారం 48.